ఎనిమిదో బంతిలో యజమాని

లిస్టెడ్ కంపెనీ ఒకటి మునిగినప్పుడల్లా కోటు తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన టీవీలోకి వచ్చి, "షేర్‌హోల్డర్లంటే కంపెనీ యజమానులండీ, యజమానికి రిస్కు తప్పదు" అని సెలవిస్తాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. హన్మకొండ బాలసముద్రంలో అద్దె ఇంట్లో ఉంటూ, పింఛన్లో మిగిల్చి నాలుగు షేర్లు కొనుక్కున్న రిటైర్డ్ లెక్కల సారు యజమాని! కంపెనీ గెస్ట్‌హౌస్‌లో చాయ్ తాగిన పాపాన పోలేదు. బోర్డు రూము తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికి తెరుచుకుంటుందో తెలియదు. అయినా యజమానే. లాభాల రోజుల్లో ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. మునిగాక చెప్పారు.

యజమానికి ఎంత గౌరవమో చూడాలంటే 2016 దివాలా చట్టంలో 53వ సెక్షన్ చదవాలి. కంపెనీని అమ్మి డబ్బులు పంచే వరుస అందులో ఉంది. మన దిక్కు దావత్‌లకు పోయినోళ్ళకు అది ఇట్టే అర్థమవుతుంది. దావత్ సారుది. యాటలు ఆయనవే, టెంటు ఖర్చు ఆయనదే. మొదటి బంతిలో కూచునేది మాత్రం వంటవాళ్ళు. అంటే దివాలా ప్రక్రియ నడిపే నిపుణుడూ, ఆయన లాయర్లూ, ఆయన ఆడిటర్లూ. వాళ్ళు చెయ్యి కడుక్కున్నాకే రెండో బంతి. అందులో తాకట్టు పెట్టించుకున్న బ్యాంకులు, వాటి పక్కనే 24 నెలల బకాయి ఉన్న కార్మికులు. (కార్మికుడి చోటు మీద నాకు పేచీ లేదు. పక్కవాడి విస్తరి సైజు మీదే పేచీ.) మూడోది ఏడాది జీతం రావాల్సిన ఉద్యోగులది. నాలుగోది తాకట్టు లేకుండా అప్పిచ్చినోళ్ళది. ఐదో బంతిలో సర్కారు వారు. ఆరోది బాకీ రావాల్సిన మిగతావాళ్ళది, ఏడోది ప్రిఫరెన్స్ షేర్లవాళ్ళది, అంటే మామూలు షేర్లకంటే ముందు వరుసలో ఉండే షేర్లవాళ్ళది. అప్పటికే బగారన్నం గంజు అడుగును గంటె గీకుతున్న చప్పుడు మొదలవుతుంది. ఎనిమిదో బంతికి సారును పిలుస్తారు. మర్యాదకు లోటు లేదు, విస్తరి వేస్తారు, గ్లాసులో నీళ్ళు పోస్తారు. అప్పుడొకాయన గొంతు సవరించుకుని చదువుతాడు: "గంజును నిపుణులచే పరిశీలింపజేయగా, ఎనిమిదవ బంతికి లభ్యమగు బొక్కల విలువ సున్నా అని తేలినది." సంతకం, స్టాంపు. "నేనొకసారి గంజుల తొంగి చూస్తా" అని సారు లేచాడనుకోండి, "మీరు కమిటీల లేరు కద సారూ, కూసోండ్రి" అంటారు.

కమిటీ అంటే రుణదాతల కమిటీ. కంపెనీని ఎవరికి, ఎంతకు ఇవ్వాలో 66 శాతం ఓటుతో తేల్చేది అదే. సరే, అప్పిచ్చినవాళ్ళ మాట చెల్లాలి, ఒప్పుకుందాం. కానీ ఆ మీటింగుకు సస్పెండైన పాత డైరెక్టర్లను పిలవాలని కూడా చట్టంలో ఉంది. ఓటు లేదు, కుర్చీ ఉంది. కంపెనీని తీసుకోబోయేవాడు ఎవరికెంత ఇస్తాడో రాసిన ప్లాను కాపీ కూడా వాళ్ళకు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. కంపెనీ ఎవరి చేతుల్లో ఉండగా మునిగిందో వాళ్ళు చూడొచ్చు. ఎవరి డబ్బుతో మునిగిందో వాళ్ళు చూడకూడదు. ఇందులో వ్యంగ్యం రాయడానికి నాకేం మిగిల్చారు?

ఇంతకీ న్యాయం కోసం సారు వకీలు దగ్గరికి పోనే పోయాడు. ఆ సంభాషణ ఇట్లా సాగింది.

"సివిల్ దావా వేద్దామా?"

"దివాలా సంగతులు సివిల్ కోర్టు ముట్టద్దని చట్టంలనే రాసిన్రు సారూ."

"కంపెనీ మీద వేరే కేసు?"

"మారటోరియం నడుస్తాంది, అంటే కంపెనీ మీద కేసులన్నీ బంద్. 14వ సెక్షన్."

"షేర్ మార్కెట్‌ను చూసుకునే సెబీకి ఫిర్యాదు?"

"దివాలాల ఉన్న కంపెనీ మీద సెబీ పోర్టల్ ఫిర్యాదు తీసుకోదు."

"మరి అప్పీలు?"

"ముప్పై రోజుల్ల వెయ్యాలె. కారణం చెప్తే ఇంకో పదిహేను. మీకు ఆర్డర్ సంగతి ఎన్నడు తెలిసింది?"

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పేపర్లో చదివేసరికే గడువు దాటింది.

"అయితే క్లాస్ యాక్షన్ ఒకటున్నది, అందరు కలిసి ఒక్కటే కేసు వేసుడు. వంద మంది షేర్‌హోల్డర్లను పట్టుకురాండ్రి. కానీ షేర్లు రద్దయినంక మీరు సభ్యులేనా అని అవతలోళ్ళు మొదటి మాటే అడుగుతరు."

ఈ క్లాస్ యాక్షన్ చరిత్ర తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. సత్యం కంప్యూటర్స్ దివాలా తీయలేదు, ఇంకొకరు కొనుక్కున్నారు. కానీ 2009 జనవరి 7న ఒక్క పూటలో ఆ షేరు 78 శాతం కూలింది. అమెరికా మదుపరులు అక్కడి కోర్టుకెక్కితే 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఇక్కడ ఒక మదుపరుల సంఘం 4,987 కోట్లు అడుగుతూ జాతీయ వినియోగదారుల కమిషన్‌కు పోతే తలుపు తెరవలేదు. సుప్రీంకోర్టు కూడా 2009లోనే కాదంది. అదే కంపెనీ, అవే దొంగలెక్కలు. ఆ తర్వాత మనకూ 2013 కంపెనీల చట్టంలో క్లాస్ యాక్షన్ పెట్టారు, 2016లో అమల్లోకి తెచ్చారు. అదే ఏడాది దివాలా చట్టమూ వచ్చింది. ముహూర్తం బాగా కుదిరింది.

పోనీ ప్రక్రియ చురుగ్గా నడుస్తుందా అంటే, 330 రోజుల్లో తేల్చాలని చట్టం. మన ములుగు జిల్లా కమలాపురంలో బిల్ట్ కంపెనీ మిల్లు 2014లో ఆగింది. కంపెనీ దివాలా ట్రిబ్యునల్ గడప తొక్కింది 2020లో, ప్లానుకు ఆమోదం పడింది 2023లో.

ఇక ఇళ్ళ అప్పులిచ్చే కంపెనీ డీహెచ్ఎఫ్ఎల్. 2021 జూన్‌లో ట్రిబ్యునల్ ప్లానును ఆమోదించిందన్న వార్త రాగానే షేరు అప్పర్ సర్క్యూట్ కొట్టింది, అంటే ఒక్క రోజులో పెరగనిచ్చే హద్దు దాకా ఎగబాకింది. ఆ రోజు కూడా ఎక్స్ఛేంజీ కొననిచ్చింది, బ్రోకర్లు కమిషన్ పుచ్చుకున్నారు. వారం తిరిగేసరికి ట్రేడింగ్ బంద్, షేర్లు రద్దు, చేతికి సున్నా. అక్కడితో ఆగలేదు. పాత యాజమాన్యం 45,000 కోట్లు దారి మళ్ళించిందన్న ఆరోపణ మీద, రేపు ఏమైనా వసూలైతే దాని విలువ ఎంతని ప్లానులో రాశారో తెలుసా? ఒక్క రూపాయి. వసూలైతే కొత్త యజమానికే. అప్పీలు ట్రిబ్యునల్ 2022లో మళ్ళీ ఆలోచించమంది. 2025 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ మాట కొట్టేసి, కమిటీ వాణిజ్య వివేకానికే ఓటేసింది. వివేకమట! కొన్నవాడికి లాటరీ టికెట్టు రూపాయికి ఇచ్చి, పోగొట్టుకున్నవాడికి "రిస్కు తెలుసుకోవాల్సింది" అని పాఠం చెప్పడాన్ని మా ఊళ్ళో వివేకం అనరు. నోటికి వచ్చేది ఇక్కడ రాస్తే ఎడిటర్ కొట్టేస్తాడు.

సెబీకి జాలి కలగలేదని కాదు. 2022 నవంబర్‌లో ఒక చర్చాపత్రం వదిలింది. కొత్త యజమాని పెట్టిన ధరకే పాత చిన్న వాటాదారులకు కనీసం 5 శాతం వాటా కొనుక్కునే అవకాశం ఇద్దామంది. చూశారా, ఇంత దయలోనూ సారు మళ్ళీ చెక్కు రాయాలి.

నాకు అంత పెద్ద దయ అక్కర్లేదు. సస్పెండైన డైరెక్టరుకు ఇచ్చే ప్లాను కాపీని ఈక్విటీ, అంటే సారు లాంటోళ్ళ మామూలు షేర్ల గురించి రాసిన పేజీ వరకైనా బయటపెట్టండి. ఈక్విటీకి సున్నా అని కమిటీ ఓటేసిన సాయంత్రమే ఆ షేరు ట్రేడింగ్ ఆపండి. ఈ రెండింటికీ ఏ బ్యాంకు విస్తరిలోంచీ మెతుకు తగ్గదు.