ఆ రాత్రి బండిలో ఒక నర్సు ఉంటే

మొన్న ఏదో న్యూస్ ఛానల్లో కింద స్క్రోలింగ్ చూశాను. "నడిరోడ్డుపై మతిస్థిమితం లేని వ్యక్తి హల్‌చల్." వీడియోలో ఒక మనిషి చొక్కా లేకుండా డివైడర్ మీద నిలబడి ఎవరితోనో వాదిస్తున్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఇద్దరు కానిస్టేబుళ్లు వెనక నుంచి వచ్చి రెక్కలు విరిచి పట్టుకున్నారు. చుట్టూ వంద ఫోన్లు. "చాకచక్యంగా అదుపులోకి తీసుకున్న పోలీసులు" అని యాంకర్ గొంతు. హల్‌చల్ అట! జ్వరంతో వణికేవాడిని చూసి హల్‌చల్ చేస్తున్నాడని ఎవరైనా అంటారా?

అది చూసినప్పటి నుంచి మా చిన్నమ్మ కొడుకు సంగతి రాయాలని మనసులో తిరుగుతోంది. వాడిని అడిగే రాస్తున్నాను. "పేరు, ఏరియా రాయకన్నా, మిగతాది నీ ఇష్టం" అన్నాడు.

వాడు అప్పటికి నాలుగేళ్లుగా మానసిక సమస్యకి మందులు వాడుతున్నాడు. ఉద్యోగం చేసుకుంటున్నాడు, క్రికెట్ ఆడుతున్నాడు, బాగానే ఉన్నాడు. సంబంధాలు చూడటం మొదలయ్యాక మా చుట్టాల్లోనే ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు, పెళ్లయ్యే దాకా ఆ గోలీలు ఆపెయ్యమని. అమ్మాయి వాళ్లకు తెలిస్తే బాగుండదట. ఆపేశాడు. రెండో నెలకి నిద్ర పోయింది. మూడో నెలలో ఒక రాత్రి ఒంటిగంటకి డాబా ఎక్కి పిట్టగోడ మీద కూర్చున్నాడు. ఎదురు బిల్డింగ్ వాళ్లు కెమెరాలు పెట్టి తనను రికార్డ్ చేస్తున్నారని గొడవ. హైదరాబాద్‌లో కెమెరాలు లేవని వాడిని ఎట్లా నమ్మించాలి చెప్పండి? మా సందులోనే నాలుగున్నాయి.

అంబులెన్స్‌కి ఫోన్ చేశాం. "పేషెంటు గొడవ చేస్తున్నాడా? అయితే పోలీసులకి చెప్పండి, వాళ్లుంటేనే మా వాళ్లు దగ్గరికి వెళ్తారు" అన్నారు. పోలీసులకి చేశాం. "పేషెంట్ అంటున్నారు కదా, అంబులెన్స్‌కి చెప్పారా?" అన్నారు. ఈ రెండు ఫోన్ల మధ్య పావుగంట పోయింది. ఆ పావుగంటలో మా చిన్నమ్మ డాబా మెట్ల మీద కూలబడి ఏ దేవుణ్ణి పిలవలేదో నాకు తెలియదు.

మొదట బైక్ మీద ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. ఒకతను కుర్రవాడు. వస్తూనే లాఠీతో వాటర్ ట్యాంక్ మీద కొట్టి "ఏయ్, దిగురా కిందికి! ఏందిరా నీ నాటకం?" అన్నాడు. తమ్ముడు అంగుళం అవతలికి జరిగాడు. ఆ అంగుళం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఆ కుర్రవాడిది తప్పనను. అతనికి తెలిసిన పని అది. తాగి గొడవ చేసేవాడిని బెదిరిస్తే దిగుతాడు. చెవిలో గొంతులు వినిపిస్తున్నవాడికి ఇంకో గొంతు గట్టిగా అరిస్తే ఏమవుతుందో అతనికి ఎవరు చెప్పారు?

కాసేపటికి పెట్రోలింగ్ బండిలో ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చారు. రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న మనిషి. మూడంతస్తులు ఎక్కేసరికి ఆయాసం, దానికి తోడు మోకాళ్ల నొప్పులు. పైకి రాగానే టోపీ తీసి, నిలబడలేక, ట్యాంక్ దిమ్మె మీద కూర్చుండిపోయారు. "జర ఆగు బిడ్డా, మోకాళ్లు పట్టేసినయి" అన్నారు. వాడు తల తిప్పి చూశాడు. ఆ రాత్రి ఎవరో వాడితో మామూలు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడటం అదే మొదలు. ఆయన కెమెరాలు ఉన్నాయనీ అనలేదు, లేవనీ అనలేదు. "పొద్దున చూద్దాం, ముందు నాకు కొంచెం మంచినీళ్లు ఇప్పించు" అన్నారు. రెండు గంటలు పట్టింది. వాడే దిగి, వాడే నీళ్లు తెచ్చిచ్చాడు.

తర్వాత నేను ఈ విషయం మీద చదువుతుంటే నవ్వొచ్చింది. అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్లో 1987లో మానసిక అనారోగ్యం ఉన్న ఒక యువకుడిని పోలీసులు కాల్చి చంపారు. ఆ గొడవలోంచి 1988లో అక్కడి పోలీసులకు ప్రత్యేక శిక్షణ పుట్టింది. నలభై గంటల శిక్షణ. అందులో నేర్పేదేమిటంటే దూరం పాటించు, గొంతు తగ్గించు, తొందరపడకు, వాదించకు. మాకు అదే శిక్షణ ఆ సారు మోకాళ్ల నొప్పి రూపంలో వచ్చింది.

కానీ దింపడంతో కథ అయిపోలేదు. అసలు నరకం ఆ తర్వాతే. అంబులెన్స్ రాలేదు. పెట్రోలింగ్ బండికి ఇంకో కాల్ వచ్చింది. చివరికి ఆటో. ఒక పక్క ఆ కుర్ర కానిస్టేబుల్, ఇంకో పక్క నేను, మధ్యలో వాడు. దారిలో దూకేస్తాడేమోనన్న భయంతో చెల్లెలి చున్నీతో వాడి చేతులు కట్టాం. ఒక కొస నా చేతిలో ఉంది. ఒక పెద్దాసుపత్రిలో క్యాజువాలిటీ డాక్టరు "రాత్రి సైకియాట్రిస్ట్ ఉండరు, పొద్దున ఓపీకి రండి, పోలీసు మెమో కూడా కావాలి" అన్నారు. మెమో కోసం స్టేషన్‌కి. అక్కడ రాతకోతలు చూసే రైటర్ "సార్ వచ్చాక" అన్నాడు. తెల్లారేదాకా స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాం. లాకప్ ఎదురుగా. వాడు ఏ నేరమూ చేయలేదు, చున్నీ మాత్రం విప్పలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని 100వ సెక్షన్ పోలీసుల మీద ఒక బాధ్యత పెట్టింది. మానసిక అనారోగ్యంతో తనను తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషిని, లేదా తనకో ఇతరులకో ప్రమాదంగా ఉన్న మనిషిని స్టేషన్ ఆఫీసర్ రక్షణలోకి తీసుకోవాలి. అరెస్ట్ కాదు, రక్షణ. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి పరీక్ష కోసం తీసుకెళ్లాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. అదే చట్టం 21వ సెక్షన్‌లో అంబులెన్స్ గురించి కూడా ఉంది. గుండెనొప్పి వచ్చినవాడికి ఎట్లాంటి అంబులెన్స్ వస్తుందో, మానసిక రోగికీ అట్లాంటిదే రావాలి. ఎమర్జెన్సీలో సైకియాట్రిస్టే ఉండాలని కూడా లేదు. 94వ సెక్షన్ ప్రకారం ప్రాణం మీదకు వచ్చినప్పుడు రిజిస్టరైన ఏ డాక్టరైనా, ఆసుపత్రిలోనైనా బయటైనా, 72 గంటల వరకు అత్యవసర చికిత్స ఇవ్వొచ్చు. రోగి తరఫు నామినీ దగ్గరుంటే వాళ్ల అంగీకారం తీసుకుంటే చాలు. ఇంటి నుంచి ఆసుపత్రికి చేర్చడం కూడా ఆ చికిత్సలో భాగమే.

చదివితే కళ్లు చెమరుస్తాయి, అంత బాగుంది. కానీ ఎవరు, ఏ బండిలో, ఎవరితో వచ్చి ఇదంతా చేస్తారో ఆ రాత్రి మా డాబా మీద ఎవరికీ తెలియదు.

నేను అడిగేది చిన్న విషయం. సిటీలో జోన్‌కి ఒక బండి. సైరన్ వద్దు. అందులో మఫ్టీలో ఒక కానిస్టేబుల్, పక్కన ఒక సైకియాట్రిక్ నర్సో సోషల్ వర్కరో. ఫోన్ అవతల డ్యూటీలో ఒక సైకియాట్రిస్ట్. అంతే. ప్రతి బండిలో డాక్టర్ కావాలని అడగడం లేదు. దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్ట్ కూడా లేడు, లెక్క 0.75 అని చెబుతారు. బండ్లలో తిప్పడానికి ఎక్కడి నుంచి తెస్తాం?

నర్సు ఎందుకంటే, ఎవరికి ఏమైందో చూడగానే పసిగట్టాలి కాబట్టి. కల్లు కాంపౌండ్లున్న బస్తీల్లో వాళ్లకు ఈ సంగతి తెలుసు. రోజూ తాగే మనిషికి మందు ఆగిపోతే రెండు మూడు రోజులకి చేతులు వణుకుతాయి, ఒళ్లంతా చెమట, లేని పురుగులు గోడ మీద పాకుతూ కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. వదిలేస్తే ప్రాణం పోతుంది. 2020లో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూశాక ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇట్లాంటి వాళ్లే బారులు కట్టారు. దూరం నుంచి చూస్తే వాడూ తాగుబోతే, హల్‌చల్ చేసేవాడే. షుగర్ పడిపోయి ఏదేదో మాట్లాడే మనిషీ అంతే. కానిస్టేబుల్‌కి వీళ్లిద్దరూ, మా తమ్ముడూ ఒకటే. చేయి పట్టుకుని నాడి చూసే మనిషికి ఒకటి కాదు.

"అసలు పోలీసులే వద్దు" అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మాటలో సగం నిజం ఉంది. ఇంటి ముందు పోలీసు బండి ఆగితే చాలు, "ఏం చేశాడంట?" అని మొదలవుతుంది, పొద్దునకి ఓనరు ఇల్లు ఖాళీ చేయమంటాడు. అమెరికాలో యూజీన్ అనే ఊళ్లో 1989 నుంచి పోలీసులు లేకుండానే ఒక మెడిక్, ఒక కౌన్సిలర్ కలిసి వ్యాన్‌లో వెళ్లేవాళ్లు. దేశమంతా మెచ్చుకున్నారు. 2025లో ఆ ఊళ్లో అది ఆగిపోయింది, డబ్బుల సమస్యే. లండన్ పోలీసులైతే ప్రాణాపాయం ఉంటే తప్ప ఇట్లాంటి కాల్స్‌కి వెళ్లబోమని 2023లో చెప్పేశారు. మన దగ్గర పోలీసు కూడా వెళ్లకపోతే ఇంకెవరున్నారు? తాడు పట్టుకున్న మేనమామలు ఉంటారు. భూతవైద్యుడు ఉంటాడు.

ఇంకో సంగతి. ఆ రాత్రి మాకు పోలీసులతో పని పడింది, కానీ తమ్ముడి దగ్గర కాదు, కింద వీధిలో. ఎదురు డాబాల మీద నలభై మంది ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఒకడు "దూకుతాడా దూకడా" అని పందెం కూడా వేశాడు, నా చెవులతో విన్నాను. ఆ ఫోన్లు దింపించాలి, ఆ జనాన్ని ఇళ్లలోకి పంపాలి, గేటు దగ్గర అంబులెన్స్‌కి దారి ఇప్పించాలి. పోలీసు వీధిని పట్టుకోవాలి, నర్సు మనిషిని పట్టుకోవాలి. మా దగ్గర అది తిరగబడింది. వీధిని ఎవరూ పట్టుకోలేదు. తెల్లారేసరికి వీడియో కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉంది, మధ్యాహ్నానికి అమ్మాయి వాళ్ల ఇంట్లో ఉంది.

ఇదంతా ఇక్కడ కుదిరే పని కాదనకండి. ఇదే సిటీలో 2014లో షీ టీమ్స్ పెట్టి పోలీసుల్ని మఫ్టీలో బస్టాపుల్లో నిలబెట్టారు. 2016లో భరోసా సెంటర్ పెట్టి పోలీసు, డాక్టరు, కౌన్సిలర్, లాయరు అందరినీ ఒకే కప్పు కిందకి తెచ్చారు, బాధపడిన ఆడపిల్ల నాలుగు ఆఫీసులు తిరగకూడదని. అదే ఆలోచనకి నాలుగు చక్రాలు పెట్టమంటున్నాను. ఏటా నిమజ్జనానికి పోలీసులు, జీహెచ్‌ఎంసీ, కరెంటు వాళ్లు, క్రేన్ల వాళ్లు కలిసి పనిచేయడం లేదా? విగ్రహాల కోసం కలిసేవాళ్లు మనుషుల కోసం కలవలేరా?

పోలీసుల భయం కూడా నాకు అర్థమైంది. స్టేషన్ బెంచీ మీద ఆ రైటర్ మెల్లగా అన్నాడు, "మా దగ్గరుండగా వీడికేమన్నా అయితే మెజిస్ట్రేట్ ఎంక్వైరీ, సస్పెన్షన్ మాకే సార్. డాక్టరు ఒక్క ముక్క రాసిస్తే మాకు ధైర్యం." పక్కన నర్సు ఉంటే పేషెంటుకే కాదు, ఆ రైటర్‌కి కూడా నిద్ర పడుతుంది.

ఇక మన సంగతి. ఎర్రగడ్డ అనే మాటని మనం తిట్టుగా వాడినంత, ఆసుపత్రిగా వాడలేదు. నేనూ వాడాను, స్నేహితుల్ని ఎన్నిసార్లు "ఎర్రగడ్డలో చేర్పిస్తా" అన్నానో. ఇంట్లో ఎవరికైనా నిద్ర తగ్గి, మాట మారి, అనుమానాలు మొదలైతే డాబా ఎక్కేదాకా ఆగకండి. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ నుంచి ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. గోలీలు ఆపమని సలహా ఇచ్చే పెద్దమనుషులకి టీ ఇచ్చి పంపించేయండి.

తమ్ముడు ఇప్పుడు మందులు వేసుకుంటున్నాడు, మళ్లీ ఆఫీసుకి వెళ్తున్నాడు. డాబా మీదకి మాత్రం బట్టలు ఆరేయడానికి కూడా వెళ్లడు. చిన్నమ్మ ఫోన్‌లో ఆ హెడ్ కానిస్టేబుల్ నంబరు "మోకాళ్ల సారు" అని సేవ్ చేసి ఉంది. వాడికి మళ్లీ రెండు రాత్రులు నిద్ర పట్టకపోయేసరికి భయపడి పోయిన నెల ఆయనకే ఫోన్ చేసింది. ఆయన ట్రాఫిక్‌కి మారారట. "నేనిప్పుడు ఆ స్టేషన్‌లో లేనమ్మా, అయినా ఏమైందో చెప్పు" అన్నారట. చిన్నమ్మ ఆ నంబరు తీసెయ్యలేదు.