పిల్లవాడు కుదుటపడ్డాడు, మరి కన్నవాళ్లు?

బడి ఎగ్గొట్టడంతో మొదలై గంజాయి దాకానో, బెట్టింగ్ యాప్‌ల అప్పుల దాకానో, పోలీస్ స్టేషన్ దాకానో సాగిన కొడుకు కష్టకాలం ఏదో ఒక రూపంలో ఆగుతుంది. వాడు హైదరాబాద్‌లో ఏదో పనిలో కుదురుకుంటాడు, లేదా ఇల్లు విడిచి వెళ్లిపోతాడు. "ఇప్పుడు మంచిగనే ఉన్నడు కదా, ఇంకేం రంది?" అని చుట్టాలు అడగడం అప్పుడే మొదలవుతుంది. బిడ్డ కోలుకుంటే కన్నవాళ్లు కూడా కోలుకున్నట్టేనన్న లెక్క ఆ ప్రశ్నలో ఉంది. ఆ లెక్క తప్పు. కన్నవాళ్ల కోలుకోవడం చాలాసార్లు బిడ్డ కుదుటపడిన తర్వాతే మొదలవుతుంది. బిడ్డ ఎన్నటికీ మారని ఇళ్లలో కూడా అది జరగవలసిందే.

నల్లగొండలోనో మిర్యాలగూడలోనో ఇలాంటి ఇంటిని దగ్గరగా చూస్తే ఇది అర్థమవుతుంది. కొడుకు డబ్బు తీసే రోజుల్లో బీరువా తాళంచెవిని కొంగుకు ముడివేసుకుని పడుకోవడం అలవాటైన తల్లి, వాడు నెలనెలా తానే డబ్బు పంపుతున్నా ఆ ముడి విప్పదు. అర్ధరాత్రి గల్లీలో బండి చప్పుడైతే తండ్రికి మెలకువ వస్తుంది, అది తమ గడప దాటిపోయేదాకా మళ్లీ నిద్ర పట్టదు. పండగకు వచ్చిన కొడుకు ఆ ముడిని చూసి నొచ్చుకుంటాడు, తల్లి సిగ్గుపడుతుంది, మానిందనుకున్న పుండు మళ్లీ రేగుతుంది. ఏళ్ల తరబడి కాపలా కాసిన శరీరం ఆపద పోయిందన్న కబురును ఆలస్యంగా నమ్ముతుందని ఇద్దరికీ ఎవరూ చెప్పి ఉండరు.

దీనికి మించి తినేసేది అపరాధ భావన. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత పెంపకం మీద తీర్పుగా ప్రతి పెళ్లిలోనూ, ప్రతి దినాల భోజనాల దగ్గరా వినబడుతుంది. పాలమూరులో దీనికి మరో ముడి ఉంది. కరువుకు తాళలేక పిల్లలను అవ్వాతాతల దగ్గరో, హాస్టల్‌లోనో వదిలి బొంబాయి, పుణె పనులకు వలసపోయిన తరం నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు ఊరూరా కనబడుతుంది. "మేం దగ్గరుంటే పోరడు గిట్ల కాకపోవు" అన్న మాటను వాళ్లు చివరిదాకా మోస్తారు. అదే హాస్టల్‌లో పెరిగిన చిన్నవాడు చక్కగా స్థిరపడినా ఆ లెక్క మారదు. బహుశా, మన చేతిలో ఏమీ లేకపోయిందని ఒప్పుకోవడం కంటే, మనమే చెడగొట్టామనుకోవడం ఒక విధంగా తేలిక కాబోలు.

నిజానికి ఈ నిందను వైద్యశాస్త్రం కూడా కొంతకాలం మోసింది. పిల్లల మాట, కలుపుగోలుతనం ఎదగడంలో తేడా వచ్చే ఆటిజాన్ని 1943లో వర్ణించిన పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్, ఆ దశాబ్దం చివరికి ఆ పిల్లల తల్లిదండ్రుల్లో మమత తక్కువని రాశాడు. తర్వాతివారు దాన్ని తల్లుల మీద నేరారోపణగా మార్చారు. ఆటిజం ఉన్న కొడుకును పెంచుతున్న మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో, మూలం మెదడులో, శరీరంలో ఉందని వాదించి దాన్ని గట్టిగా ఎదుర్కొనేదాకా ఎందరో తల్లులు చేయని తప్పుకు కుమిలిపోయారు.

అంతమాత్రాన తల్లిదండ్రులందరూ నిర్దోషులని తేల్చడం కూడా నిజాయితీ కాదు. బెల్టుతో కొట్టిన తండ్రి ఉంటాడు, తాగి వచ్చి ఇల్లు రణరంగం చేసిన తండ్రీ ఉంటాడు. ఫలానా రోజు ఫలానా పని తప్పని స్పష్టంగా ఒప్పుకున్నప్పుడు దానికి క్షమాపణ చెప్పవచ్చు, దాన్ని అక్కడితో దించుకోవచ్చు. "అంతా మా వల్లే" అన్న మాటలో ఒప్పుకోవడానికీ, దించుకోవడానికీ ఏమీ దొరకదు.

మనిషి పోతే మనకు దినాలున్నాయి, పదిమంది వచ్చి కూర్చుంటారు. బతికున్న కొడుకు గురించి కన్న కలలు పోతే ఏ తంతూ లేదు. మనిషి కళ్లముందుండీ మనకు అందకుండా పోవడాన్ని, లేదా దూరమై ఏమయ్యాడో తేలకపోవడాన్ని అమెరికా పరిశోధకురాలు పౌలీన్ బాస్ 1970లలోనే ప్రత్యేకమైన దుఃఖంగా గుర్తించారు. ముగింపు లేదు కనుకే అది మనిషిని అక్కడే నిలబెట్టేస్తుందని ఆమె వివరించారు. ఈ దుఃఖం భార్యాభర్తలను కూడా విడదీస్తుంది: ఆమె మాట్లాడాలంటుంది, ఆయన ఆ పేరే ఎత్తవద్దంటాడు. కొడుకు అప్పుకింద అమ్మిన ఎకరం ప్రతి పంట కాలంలో ఇద్దరి మధ్యకు వస్తుంది. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం 2007 నుంచి ఉంది, ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌లో పిల్లల నుంచి నెలవారీ భృతి అడగవచ్చు. అది తిండికి పనికొస్తుంది, ఈ బాధకు కాదు.

సాయం బొత్తిగా లేదనలేం. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, వాటి ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌కు 14416 నంబరుపై తెలుగులో, ఏ వేళనైనా, ఉచితంగా మాట్లాడవచ్చు. కానీ కొడుకు పేరిట ఎన్ని ఓపీ చీటీలు రాయించినా, తల్లి తన పేరిట ఒకటి రాయించుకోవడం అరుదు. మహిళా సంఘాల సమావేశాల్లో ఈ మాటలకు చోటు కల్పించాలన్న ఆలోచన మంచిదే, అయితే పొదుపు, కిస్తీల లెక్కలు చూసుకునే ఊరి సంఘంలో నోరు విప్పితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. వేర్వేరు ఊళ్ల వాళ్లు కలిసే మండల సమాఖ్య స్థాయిలో, శిక్షణ పొందిన కౌన్సెలర్ ఎదుట, కొడుకు పేరు గానీ ఊరి పేరు గానీ చెప్పనక్కరలేని ఏర్పాటు ఉంటే తల్లులు వస్తారు. తండ్రులను రప్పించడం ఇంకా కష్టం, వాళ్లకు అలాంటి సంఘం కూడా లేదు.