చిన్న కెమెరాకి చిన్న లెన్సే మేలు

మైక్రో ఫోర్ థర్డ్స్ (చిన్న సెన్సర్ ఉండి, లెన్సులు మార్చుకోగల రకం) కెమెరా కొన్నవాళ్లు ముందుగా ఒలింపస్ 12-40 ఎంఎం ఎఫ్/2.8 ప్రో జూమ్ తీసుకోవాలని ఒక వ్యాసంలో రాశారు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు ఇస్తుంది). ఆ లెన్స్ చాలా మంచిది, కాదనను. కానీ దాని బరువు 382 గ్రాములు. చిన్న బాడీకి తగిలిస్తే ముందుకు వాలిపోతుంది, బరువని కెమెరా ఇంట్లోనే వదిలేసి వెళ్తాం. ఇంత చిన్న కెమెరా కొన్నది అందుకా?

నన్నడిగితే కెమెరాతో పాటే వచ్చే కిట్ జూమ్ ఉంచుకుని, దానికి తోడుగా ఒలింపస్ 45 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ కొనమంటాను. 116 గ్రాములే. సెన్సర్ చిన్నది కాబట్టి ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్మ్ రీలంత పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) మీద 90 ఎంఎం లెన్స్ ఎంత చూపిస్తుందో ఇదీ అంతే చూపిస్తుంది, ముఖాలు తీయడానికి హాయిగా ఉంటుంది. రాత్రిపూట ట్యూబ్‌లైట్ వెలుగులో పిల్లల్ని తీసేటప్పుడు అసలు తేడా తెలుస్తుంది. కిట్ జూమ్ ఎఫ్/5.6 దగ్గర ఇచ్చే వెలుగుకి ఇది తొమ్మిది రెట్లకు పైనే ఇస్తుంది, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం; పెంచితే ఫొటోలో గరుకు వస్తుంది) పెంచాలన్న టెన్షన్ ఉండదు. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ మాత్రం ఫుల్ ఫ్రేమ్ మీద ఎఫ్/3.6 స్థాయిలోనే వస్తుంది, అంతకు మించి ఆశించకండి. ఇరుకు గదుల్లో ఇది పనికిరాదు, అక్కడికి పానాసోనిక్ 20 ఎంఎం ఎఫ్/1.7 నయం. కాకపోతే దాని ఆటోఫోకస్ నెమ్మది.

ఆ వ్యాసంలో రానిది ఇంకొకటుంది. పానాసోనిక్ జీఎం లాంటి బుల్లి బాడీల్లో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) లేదు. ఆ ఒలింపస్ జూమ్‌లోనూ లేదు కాబట్టి, వాటికి దాన్ని కొంటే చేయి వణుకు ఫొటోలో కనిపిస్తుంది. అలాంటి బాడీ ఉన్నవాళ్లు ఓఐఎస్ (లెన్స్‌లోనే ఉండే స్టెబిలైజేషన్) ఉన్న జూమే చూసుకోండి, 70 గ్రాముల పానాసోనిక్ 12-32 ఎంఎం చక్కగా నప్పుతుంది.