గ్రీన్ టీని మందులా మింగడం ఇక మానేద్దాం

గ్రీన్ టీ అంటే చేదు అని మనవాళ్ల మనసుల్లో పాతుకుపోయింది. చేదు కాబట్టి ఒంటికి మంచిది, మంచిది కాబట్టి కళ్లు మూసుకుని మింగేయాలి. ఆఫీసులో చూసినా, ఇళ్లలో చూసినా ఇదే వరస. సలసల కాగే నీళ్లు, అందులో ఒక టీ బ్యాగు, ఫోన్ మాట్లాడి వచ్చేదాకా దాన్ని అలాగే వదిలేయడం, ఆ చేదు పోవడానికి నిమ్మరసం, తేనె. పొట్ట తగ్గుతుందన్న ఆశ తప్ప ఆ కప్పులో ఇంకేమీ ఉండదు. నాకు దీని మీద నిజంగానే కోపం. ఎందుకంటే సరిగ్గా కాచిన సెంచా, అంటే జపాన్ వాళ్ల గ్రీన్ టీ, నాకు తెలిసిన అతి రుచికరమైన పానీయాల్లో ఒకటి.

ఆ చేదులో చాలా భాగం మనం నీళ్లతో తెచ్చిపెట్టుకున్నదే. ఆకులో వగరు, చేదు ఇచ్చే కాటెకిన్లు ఉంటాయి, కెఫీన్ ఉంటుంది. వాటితోపాటు థియానిన్ లాంటి అమైనో ఆమ్లాలూ ఉంటాయి. నాలుక మీద నిలిచే ఆ తియ్యటి కమ్మదనం వీటిదే. అమైనో ఆమ్లాలు గోరువెచ్చటి నీళ్లలోనూ చక్కగా దిగుతాయి. కాటెకిన్లు, కెఫీన్ బాగా దిగాలంటే వేడి ఎక్కువ కావాలి. మరిగే నీళ్లు పోశామంటే చేదంతా ఒక్కసారిగా దిగిపోయి కమ్మదనాన్ని కప్పేస్తుంది.

ఆ కమ్మదనం కోసం అక్కడి రైతులు ఎంత కష్టపడతారో తెలిస్తే ఈ పని చేయడానికి చేతులు రావు. గ్యొకురో అనే రకం కోసం జపాన్‌లోని ఉజి, యమె ప్రాంతాల్లో కోతకు ముందు సుమారు మూడు వారాలు తోట మీద కప్పు వేసి నీడ పడతారు. ఎండ తగిలితే ఆకులోని థియానిన్ కాటెకిన్లుగా మారిపోతుంది కాబట్టి ఈ శ్రమ. ఎండలో పెరిగే సెంచాకైనా కోసిన వెంటనే ఆవిరి పట్టాలి, లేకపోతే ఆకుపచ్చదనం నిలవదు. తర్వాత నలుపుతూ నలుపుతూ ఆరబెడతారు. 1738లో ఉజి దగ్గర నగతాని సోఎన్ కుదిర్చిన పద్ధతి ఇది. ఇప్పుడు చాలావరకు యంత్రాలే చేస్తున్నా వరుస మాత్రం అదే.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అనుకునేవాళ్లకు ఒక మాట. ముందు వంగి, నిశ్శబ్దంగా చేసే ఆ జపాన్ టీ వేడుక మచ్చాది, అంటే పొడి చేసిన గ్రీన్ టీది. సెంచా జపాన్ ఇళ్లలో మామూలుగా తాగే టీ. పద్దెనిమిదో శతాబ్దంలో బైసావో అనే వృద్ధ సన్యాసి సామాను భుజాన మోసుకుంటూ క్యోటోలో తిరిగి టీ కాచి ఇచ్చేవాడు. ఎవరెంత ఇస్తే అంతే పుచ్చుకునేవాడు.

కాచే పద్ధతి చెబుతాను. ఇద్దరికి 5 గ్రాముల సెంచా, 200 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లు ఒకసారి బాగా కాచి 70–80 డిగ్రీలకు దించాలి. థర్మామీటర్ అక్కర్లేదు. కాఫీ చల్లార్చినట్టు ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోస్తే చాలు, పోసిన ప్రతిసారీ దాదాపు పది డిగ్రీలు తగ్గుతుంది. అలా రెండు మూడుసార్లు. ఆకు మీద పోసి ఒక నిమిషం కదపకుండా ఉంచాలి. తర్వాత రెండు కప్పుల్లో మార్చి మార్చి కొద్దికొద్దిగా వంచితే రెండిట్లోనూ చిక్కదనం సమానంగా ఉంటుంది. ఆఖరి చుక్క వరకూ వంచేయాలి. అసలు రుచి ఆ చుక్కల్లోనే ఉంటుంది, పైగా నీళ్లు మిగిలితే అదే ఆకుతో కాచే రెండో విడత చేదెక్కుతుంది. రెండో విడతకు ఇంకాస్త వేడి నీళ్లు పోసి పదిహేను సెకన్లలో వంచేయండి. నాకైతే ఈ రెండోదే ఎక్కువ ఇష్టం.

పక్కన పిడి ఉండే క్యూసు కుండ ఉంటే బాగుంటుంది. లేకపోయినా చిన్న గిన్నె, సన్నటి వడపోత సరిపోతాయి. కుండ కంటే నీళ్లు ముఖ్యం. జపాన్‌లో చాలాచోట్ల నీళ్లు మెత్తనివి, అంటే లవణాలు తక్కువ, ఆ టీ వాటికి తగ్గట్టే తయారైంది. మన బోరు నీళ్లతో కాస్తే రుచి చప్పబడిపోతుంది, రంగు కూడా మసకబారుతుంది. ఫిల్టర్ నీళ్లే వాడండి.

కొనేటప్పుడు చిన్న ప్యాకెట్ కొనండి, తెరిచాక నెలలోపు తాగేయండి. మసాలాల అలమరలో మాత్రం పెట్టొద్దు, ఇంగువ వాసన ఇట్టే పట్టేస్తుంది. మొదటిసారే గ్యొకురో జోలికి వెళ్లకండి, ఖరీదు ఎక్కువ, కుదరడమూ కష్టం. మరిగే నీళ్లే పోస్తామంటారా, వేయించిన ఆకుతో చేసే హోజిచా తెచ్చుకోండి. అది వేడిని తట్టుకుంటుంది, కెఫీన్ కూడా తక్కువే, రాత్రి అన్నం తిన్నాక హాయిగా తాగొచ్చు.

"ఇంత ఓపిక ఎవరికుందండీ" అంటారు. అల్లం దంచి, యాలకులు వేసి, పాలు పొంగకుండా పొయ్యి దగ్గరే నిలబడి టీ పెట్టే మనకు ఓపిక లేకపోవడమేమిటి? ఇదంతా ఐదు నిమిషాల పని. అదీ వద్దనుకుంటే ఎండాకాలంలో లీటరు చల్లని నీళ్లలో 10 గ్రాముల సెంచా వేసి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మూడు నాలుగు గంటల తర్వాత వడకట్టుకుంటే చేదు దాదాపు ఉండదు, చక్కెర అవసరమే రాదు. ఇంట్లో గ్రీన్ టీ వద్దనేవాళ్లకు ముందు ఇదే పోసివ్వండి.