గురి చూడక్కర్లేదట, పంప్ లాగితే చాలట!

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇంట్లో బంగారం పోయిందని వార్త వస్తే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ లేస్తుంది. దాని సారాంశం ఇది: "ఇంటి కాపలాకి షాట్‌గన్‌ని మించింది లేదు. గురి చూడక్కర్లేదు, అటు తిప్పి కాలిస్తే చాలు. పంప్ లాగిన చప్పుడుకే దొంగ పరార్. సన్న గుళ్లు వేసుకుంటే గోడ దాటవు. బ్యారెల్ పొట్టిగా కోస్తే ఇంకా బాగా చెదురుతాయి. పంప్ తుపాకీ జామ్ కాదు. ఆదివారం దాంతోనే పోటీలకీ వెళ్లొచ్చు. డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే ఎవరైనా కొనొచ్చు." ఆ కింద నాలుగు దండాల బొమ్మలు.

షాట్‌గన్ అంటే ఒక్కో తూటాలో చాలా గుళ్లుండే తుపాకీ. పంప్ అంటే ప్రతి తూటాకీ బ్యారెల్ కింది పిడిని చేత్తో వెనక్కి లాగి ముందుకి తోసే రకం. షాట్‌గన్ నా ఇంట్లోనూ ఉంది. చాలా ఏళ్లుగా వారాంతాల్లో క్లేలు, అంటే గాల్లోకి విసిరే మట్టి పళ్లేలు, కాలుస్తున్నాను. తుపాకీ వద్దని చెప్పడానికి రాయడం లేదు. ఈ మెసేజ్ నమ్మి కొనొద్దని రాస్తున్నాను.

ముందు ఆ చివరి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే అది జైలుకి పంపే మాట. హెచ్1బి, హెచ్4, ఎఫ్1, విజిటర్ లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటివాళ్లకి పనికొచ్చేది ఒకటే: చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. అందుకే కొందరు వేటకి వెళ్లే ఉద్దేశం లేకపోయినా ఆ లైసెన్స్ తీసుకుంటారు. దాని గడువు తీరిపోయిందా, బీరువాలో ఉన్న తుపాకీయే నేరమైపోతుంది. తుపాకీ కొనేటప్పుడు దుకాణంలో నింపే 4473 అనే ఫెడరల్ ఫారంలో అబద్ధం రాస్తే అదో వేరే కేసు, పైగా వీసాకీ ఎసరు. గ్రీన్‌కార్డ్ వస్తే ఈ గొడవ ఉండదు, రాష్ట్రం పెట్టే నియమాలు మాత్రం ఉంటాయి.

బ్యారెల్ కోయడమూ అలాంటిదే. షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాలకి తగ్గకూడదు, మొత్తం పొడవు 26కి తగ్గకూడదు. తగ్గించాలంటే 1934 నాటి ఎన్‌ఎఫ్‌ఏ (నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్) అనే ఫెడరల్ చట్టం కింద ముందే అనుమతి తీసుకోవాలి. గ్యారేజ్‌లో రంపం పట్టుకుంటే పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పోనీ కోసినందుకు లాభమేమైనా ఉందా? గుళ్లు ఎంత చెదరాలో తేల్చేది ప్రధానంగా పొడవు కాదు, బ్యారెల్ కొసన ఉండే చోక్. కాస్త బిగువు, కాస్త వదులు తేడాతో మరతో బిగించే చిన్న గొట్టం అది. కావాలంటే మార్చుకోవచ్చు.

ఇక "గురి చూడక్కర్లేదు" అన్నది. దీని మీద వాదన కంటే అట్టపెట్టె మేలు. పోయిన శీతాకాలం షూటింగ్ రేంజ్‌లో నా పక్క లేన్‌లో ఒకాయన ఇదే మాట అంటుంటే, టీవీ వచ్చిన అట్ట నిలబెట్టి ఏడు గజాల నుంచి ఒక డబుల్ ఆట్ బక్ తూటా, అంటే బక్‌షాట్ అనే పెద్ద గుళ్ల రకం, కాల్చమన్నాను. తొమ్మిది గుళ్లు, ఒక్కోటీ దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. వెళ్లి చూస్తే ఆ చిల్లులన్నీ నా అరచేతి కింద దాగిపోయాయి. ఆయన అట్ట వెనక్కి వెళ్లి మరీ చూసి, "మిగతావి ఎక్కడ పడ్డాయి?" అని అడిగాడు. మిగతావి లేవు. మన ఇళ్లలో పడగ్గది గుమ్మం నుంచి హాలు చివరికి ఏడు గజాలుంటే గొప్ప. ఆ దూరంలో షాట్‌గన్ కూడా రైఫిల్‌లాగే గురి చూడాల్సిన వస్తువు. జానెడు పక్కకి పోతే పోయినట్టే. పోయిన ప్రతి గుండూ ఎక్కడో ఒకచోట ఆగాలి కదా.

ఎక్కడ ఆగుతుందన్నదే గోడల సంగతి. ఇక్కడి లోపలి గోడంటే మన ఊరి ఇటుక గోడ కాదు. రెండు వైపులా అరంగుళం షీట్‌రాక్ (జిప్సం పలక), మధ్యలో గాలి. బక్‌షాట్ అలాంటి గోడలు ఒకటి కాదు, వరసగా కొన్ని దాటిపోతుంది. మెసేజ్ చెప్పే సన్న గుళ్లు కూడా దగ్గర నుంచి కాలిస్తే ఒక గోడ దాటగలవు. విచిత్రమేమిటంటే, పిట్టల కోసం చేసిన ఆ గుళ్లు మనిషిలో మాత్రం చాలినంత లోతుకి దిగవు. కండలాంటి జెల్ దిమ్మలోకి కాల్చి చూసే ఎఫ్‌బీఐ పరీక్షలో కనీసం 12 అంగుళాలు దిగాలంటారు. ఎనిమిదో నంబరు గుళ్లు అందులో సగం దగ్గరే ఆగిపోతాయి. అంటే పక్క గదిలో పిల్లలకి ప్రమాదం, ఎదురుగా ఉన్నవాడికి గాయం. తూటా మార్చినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. పిల్లల మంచం ఏ గోడకి ఆనుకుని ఉందో, మీరు ఎక్కడ నిలబడి ఎటు కాలుస్తారో పగలే చూసుకోవాలి.

చప్పుడు గురించి ఎక్కువ చెప్పను. పారిపోయేవాడు పారిపోతాడు, పారిపోనివాడికి మీరు ఏ గదిలో ఉన్నారో తెలిసిపోతుంది.

జామ్ విషయంలో సగం నిజముంది. పంప్ తుపాకీలో యంత్రం తక్కువ, మనిషి పని ఎక్కువ. కంగారులో ఫోరెండ్ (ఆ కింది పిడి) పూర్తిగా వెనక్కి లాగకుండా ముందుకి తోస్తే ఖాళీ తూటా బయటికి రాదు, కొత్తది లోపలికి పోదు. మాస్‌బర్గ్ 500 అయినా రెమింగ్టన్ 870 అయినా అంతే. సెమీ ఆటోలో ఆ పని తుపాకీయే చేసుకుంటుంది, కాకపోతే దాని అలకలు దానివి. బెనెల్లీ తరహా ఇనర్షియా తుపాకీలు పేల్చినప్పుడు వెనక్కి తన్నే బలంతోనే నడుస్తాయి. దాని మీద లైటు, తూటాల పట్టీ, రైలు, ఇంకేదో అంటూ బరువులు తగిలిస్తే వెనక్కి కదలడం తగ్గి, తేలిక తూటాలతో మొరాయించొచ్చు. పక్కన బిగించే తూటాల పట్టీ మరలు మరీ గట్టిగా తిప్పితే పంప్ కూడా పట్టేస్తుంది. డబ్బు పెట్టి నమ్మకం పోగొట్టుకోవడమంటే ఇదే.

మార్చుకోవాల్సింది ఒకటుంది, దాన్ని ఎవరూ ఫోటో పెట్టరు: బట్టు, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, పొడవు. కంపెనీ నుంచి మామూలుగా 14 అంగుళాల దగ్గర వస్తుంది. మా ఆవిడ అయిదడుగుల రెండు అంగుళాలు. ఆ పొడవుతో ఆమె వెనక్కి వాలి నిలబడేది, రెండో తూటాకి భుజం పట్టుకునేది. బట్టులో పొడవు పెంచే పలకలు (స్పేసర్లు) తీసేసి పన్నెండున్నరకి తగ్గించాక ముందుకి వంగి, ఆపకుండా అయిదు కాల్చింది. తర్వాతి ఖర్చంతా తూటాల మీద పెట్టాం. ఇంట్లో వాడబోయే రకానివే కొన్ని పెట్టెలు కాల్చి, తడబాటు లేకపోతేనే ఆ తుపాకీని నమ్మాం.

పోటీల మాటకొస్తే, ట్రాప్ (కాల్చేవాడి నుంచి దూరంగా ఎగిరిపోయే క్లేని కొట్టే పోటీ) తుపాకీ వేరే జాతి. 30, 32 అంగుళాల బ్యారెళ్లు, పైకి లేచే క్లేని పట్టుకోవడానికి చాలావాటిలో గుళ్లు గురి కంటే పైకి పోయేలా అమరిక. దాన్ని నడవాలో తిప్పితే ముందు గోడకి తగులుతుంది. మన హైదరాబాద్ కుర్రాడు కైనాన్ చెనాయ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో కాంస్యం, జట్టుతో స్వర్ణం తెచ్చాడు. అంతర్జాతీయ ట్రాప్‌లో తూటాకి 24 గ్రాముల గుళ్లే, 110 మిల్లీమీటర్ల పళ్లెం, అదీ దూరమైపోతూ. "గురి చూడక్కర్లేదు" అన్న మాట అక్కడ అనగలరా!

ఇంటి తుపాకీకి నేను ఒప్పుకునే తగిలింపు ఒక్కటే, లైటు. దానికో కారణముంది. మా అత్తగారు, మామగారు విజిటర్ వీసా మీద వచ్చిన మొదటి వారం, రాత్రి మూడింటికి వంటింట్లో చప్పుడైంది. తుపాకీ సేఫ్‌లో ఉంది. ఆ వీసా మీద వచ్చినవాళ్ల చేతికి అది అందకూడదు, అందుకని తాళం నా దగ్గరే ఉంది. లేచి ముందు హాల్లో దీపం వేశాను. జెట్‌లాగ్‌తో నిద్రపట్టని మామగారు స్టవ్ దగ్గర నిలబడి, "అల్లుడూ, ఈ ఇంట్లో కాఫీ పొడి ఎక్కడ పెడతారయ్యా?" అన్నారు.