సవరణ: చివరి తలపు గురించి

"ప్రాణం పోయేటప్పుడు ఏది తలచుకుంటే అదే గతి, అంతకుముందు ఎలా బతికినా పర్లేదు" అని భగవద్గీత చెప్పినట్టు మొన్న ఒక పోస్టులో రాశాను. రెండో సగం తప్పు. జ్ఞాపకం మీద రాసేశాను, పొరపాటు నాదే.

పదవిభాగంతో ఉన్న అచ్చు ప్రతి తీసి చూశాను. 8వ అధ్యాయం 6వ శ్లోకం ఆఖరి మాటలు "సదా తద్భావభావితః". అంటే ఎప్పుడూ ఆ భావంలోనే మునిగి ఉన్నవాడు. అసలు బరువంతా ఆ 'సదా' మీదే ఉంది. వెంటనే 7వ శ్లోకం "తస్మాత్ సర్వేషు కాలేషు" అని మొదలవుతుంది: కాబట్టి అన్ని వేళలా నన్ను తలచుకో, యుద్ధమూ చెయ్యి అని.

మాట పడిపోయిన మనిషి మంచం పక్కన కూర్చుని "చివర్లో దేవుడి పేరు పలకలేదే" అని కుమిలేవాళ్లకి నా పాత వాక్యం చూపించకండి. పోస్టులో మార్చేశాను.