గాజులు కుదువ పెట్టే ముందు ఇది చదవండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "ఒడిశాలో తెలుగు పిల్లలకు టీచర్ ఉద్యోగం రాదు. టెట్ తెలుగులో లేదు. ఆంధ్ర డీఎస్సీకి మనం పనికిరాం. బీఎడ్ ఒక్కటే దారి, అది చేస్తే ఒకటి నుంచి పది దాకా ఏ తరగతికైనా చెప్పొచ్చు. దానికి లక్షలు కావాలి. టెట్ సర్టిఫికెట్ ఏడేళ్ళకే చెల్లదు."

మొన్న మా వీధిలో ఒకావిడ ఈ మెసేజ్ ఉన్న ఫోను నా చేతికిచ్చి, "మేస్టారూ, గాజులు కుదువ పెట్టేయమంటారా?" అని అడిగింది. వాళ్ళమ్మాయికి ఈ ఏడే ప్లస్ టూ అయింది. బీఎడ్ సీటు ఖాయం చేస్తానని ఎవరో ఏజెంటు అడ్వాన్సు అడిగాడట. ఆ పిల్ల కోరికేమో ఒకటో తరగతి వాళ్ళకు అక్షరాలు దిద్దించడం. నాకు కడుపు రగిలిపోయింది. అందుకే ఒక్కో మాటా తీసి చెబుతున్నాను.

ముందు బీఎడ్ సంగతి, డబ్బు పోయేది ఇక్కడే కాబట్టి. బీఎడ్ ఉన్నవాళ్ళు ప్రాథమిక తరగతులకు కూడా అర్హులేనని, టీచర్ చదువులకు నియమాలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2018లో ఒక నోటిఫికేషన్ ఇచ్చిన మాట నిజం. దాన్ని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న కొట్టేసింది. ఇప్పుడు ఒకటి నుంచి ఐదు దాకా చెప్పాలంటే ప్లస్ టూ తర్వాత రెండేళ్ళ టీచర్ డిప్లొమా డీఈఎల్‌ఎడ్, దానిపైన టీచర్ అర్హత పరీక్ష టెట్ ఉండాలి. ప్లస్ టూలో మామూలుగా 50 శాతం మార్కులు కావాలి. రెండేళ్ళ బీఎడ్‌కు ముందు డిగ్రీ చేసి ఉండాలి. మరి నిన్న ప్లస్ టూ రాసిన పిల్లకు బీఎడ్ సీటు ఎలా ఇప్పిస్తాడు? ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఏజెంటు మళ్ళీ ఫోను చెయ్యడు.

పెద్ద తరగతులకు చెప్పాలనుకునే వాళ్ళకు నాలుగేళ్ళలో డిగ్రీ, బీఎడ్ రెండూ కలిసి వచ్చే ఐటెప్ కోర్సు 2023 నుంచి ఉంది. దాని ప్రవేశ పరీక్ష ఎన్‌సెట్‌ను తెలుగులో కూడా రాయొచ్చు.

ఏడేళ్ళ మాట పాతది. టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుందని 2021 జూన్‌లో కేంద్రం ప్రకటించింది, అదీ 2011 నుంచి వర్తించేలా. పాత సర్టిఫికెట్ ఇంట్లో ఉంటే పారేయకండి.

"టెట్ తెలుగులో లేదు" అన్నది పచ్చి అబద్ధం. ఒడిశా టెట్‌లో మొదటి భాషగా ఒడియాతో పాటు తెలుగునూ ఎంచుకోవచ్చు. కేంద్రం పెట్టే సీటెట్ భాషల్లోనూ తెలుగు ఉంది.

ఉద్యోగం రాదన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 2022 చివర్లో ఒడిశా ప్రభుత్వం హైస్కూళ్ళకు 7,540 టీచర్ పోస్టులు ప్రకటిస్తే, అందులో తెలుగు టీచర్ పోస్టులు 6. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో ఉండి ఆ అంకె చదివితే బాధ కలుగుతుంది. కానీ మిగతా పోస్టులకు తెలుగువాళ్ళు రావద్దని ఎక్కడా లేదు. అక్కడ అడిగేది ఒడియా. ఏడో తరగతిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదా ఒడియా మీడియంలో మెట్రిక్ చేసి ఉండాలి, అదీ లేకపోతే ఎం.ఈ. స్థాయి, అంటే ఏడో తరగతి స్థాయి, ఒడియా పరీక్ష పాసవ్వాలి. మన పిల్లలకు అసలు అడ్డు ఇదే. ఆ మెసేజ్‌లో దీని గురించి ఒక్క ముక్క లేదు. అదేమంత పెద్ద పరీక్ష కాదు. సంతలో, బస్సులో రోజూ ఒడియా మాట్లాడే పిల్లలకు రాయడం, చదవడం నేర్పితే గట్టెక్కుతారు.

మహేంద్రతనయ ఏరు దాటి ఆంధ్రలో, శ్రీకాకుళం జిల్లా పాతపట్నంలో చదువుకున్న పిల్లల సంగతి వేరు. వాళ్ళకు ఒడియా ఉండదు, కానీ 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్ళకు పనికొస్తుంది. పదో తరగతితో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఆ జిల్లాలో చదివితే అక్కడ స్థానికులే. ఇక్కడ ఒడిశాలోనే చదివినవాళ్ళు అక్కడ స్థానికేతరులు అవుతారు, అంతే తప్ప పనికిరానివాళ్ళు కారు. డీఎస్సీలో 80 శాతం పోస్టులు స్థానికులకు పోగా, మిగతా 20 శాతానికి అందరూ పోటీ పడొచ్చు. ఎన్‌సీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో చేసిన డీఈఎల్‌ఎడ్ ఏటికి ఇవతలా అవతలా చెల్లుతుంది.

ఇక లక్షలు. ప్రభుత్వ డైట్‌లో, అంటే జిల్లా టీచర్ శిక్షణ సంస్థలో, డీఈఎల్‌ఎడ్‌కు లక్షలు అక్కర్లేదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉంటే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తుంది. ప్లస్ టూ బోర్డులో పై 20 శాతంలో నిలిచి, ఇంటి ఆదాయం 4.5 లక్షలు దాటకుండా ఉండి, రెగ్యులర్ డిగ్రీలో చేరిన పిల్లలు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు పెట్టుకోవచ్చు. ఎంపికైతే మొదటి మూడేళ్ళూ ఏడాదికి 12,000 చొప్పున వస్తుంది. ఆదాయ సర్టిఫికెట్, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా ముందే సిద్ధం చేసుకోండి. చివరి తేదీ దగ్గర పడ్డాక తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగే టెన్షన్ ఉండదు.

ఆవిడ గాజులు కుదువ పెట్టలేదు. వాళ్ళమ్మాయి పదో తరగతి దాకా పాతపట్నంలోనే చదివింది కాబట్టి అటువైపు డీఎస్సీ ఎలాగూ ఉంది. ఇటువైపు కూడా వదులుకోకూడదని సాయంత్రం పూట మా అరుగు మీద కూర్చుని ఒడియా ఒత్తులు దిద్దుతోంది.